వీపు వైపు నుంచి వినిపించే పాట

కంట్రీ మ్యూజిక్ గాయకుడి మీద సినిమా అంటే స్టేజీ, చప్పట్లు, తాగుడు, పతనం, చివర్లో మళ్లీ స్టేజీ. 1983లో వచ్చిన ‘టెండర్ మెర్సీస్’ ఇందులో చాలావరకు తీసి పక్కన పెట్టేసింది. కథ మొదలయ్యేసరికే మాక్ స్లెడ్జ్ పతనం పూర్తయింది. ఒకప్పుడు పేరు మోసిన ఆ గాయకుడు టెక్సాస్‌లో రోడ్డు పక్కన ఓ మోటెల్‌లో తాగి పడిపోతాడు. లేచాక గది అద్దె కట్టడానికి డబ్బుల్లేక, పని చేసి తీరుస్తానంటాడు. మోటెల్, ముందున్న పెట్రోలు బంకు నడిపే రోజా లీ భర్త వియత్నాం యుద్ధంలో పోయాడు. చిన్న కొడుకు ఉన్నాడు.

ఈ ఇద్దరి పెళ్లి మనం చూడం. కూరగాయల మడి దగ్గర ఓ ముక్క అడుగుతాడు, ఆలోచిస్తానంటుంది ఆమె. ఆ తర్వాత ఎప్పుడో మాటల్లో తెలుస్తుంది, పెళ్లయిపోయిందని. మాజీ భార్య వల్ల మాక్‌కు కలిగిన కూతురి చావు కూడా అంతే, కబురుగానే వస్తుంది. రచయిత హోర్టన్ ఫుట్ టెక్సాస్ మనిషే. అక్కడి వాళ్లు ఎంత తక్కువ మాట్లాడతారో అంతే రాశాడు. దర్శకుడు బ్రూస్ బెరెస్‌ఫర్డ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చి అమెరికాలో తీసిన మొదటి సినిమా ఇది. బయటి మనిషి కాబట్టే కాబోలు, ఆ బయలు నేలను అంత ఓపిగ్గా చూశాడు.

పనితనం తెలియాలంటే ఒక్క సన్నివేశం చాలు. ఏళ్ల తర్వాత కూతురు తండ్రిని చూడ్డానికి వస్తుంది. చిన్నప్పుడు తనకోసం పావురం పాటేదో పాడేవాడివి కదా అంటుంది. గుర్తులేదంటాడు. ఆమె వెళ్లిపోయాక కిటికీ దగ్గర నిలబడి, అదే పాటను మెల్లగా పాడుకుంటాడు. కెమెరా వెనకే ఉండిపోతుంది. అబద్ధం ఆడిన మొహం మనకు కనిపించదు, గొంతు మాత్రం దొరుకుతుంది. మాక్‌గా నటించిన రాబర్ట్ డువాల్ పాటలు తనే పాడాలని పట్టుబట్టింది ఇలాంటి చోటు కోసమే అనిపిస్తుంది నాకు. అది తీర్చిదిద్దిన గాయకుడి గొంతు కాదు, వాడకుండా మూల పడేసిన పనిముట్టులా కాస్త తుప్పు పట్టి ఉంటుంది. ఇంకెవరి చేతనో పాడిస్తే సన్నివేశం అక్కడే పోయేది.

కూతురు పోయాక మడిలో పారతో తవ్వుతూ, సంతోషాన్ని తానెప్పుడూ నమ్మలేదంటాడు మాక్. అప్పుడూ కెమెరా దూరంగానే ఉంటుంది. మరొకరైతే కన్నీళ్ల కోసం దగ్గరికి దూకేవారు.

డువాల్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్, ఫుట్‌కు స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చాయి. నాకున్న పేచీ ఒక్కటే: మాజీ భార్య డిక్సీ పాత్ర. మాక్ పాటలతోనే స్టేజీల మీద వెలుగుతున్న ఆ గాయనికి కోపం, ఏడుపు తప్ప రచయిత పెద్దగా ఏమీ ఇవ్వలేదు. అయినా ఆ పాత్ర వేసిన బెట్టీ బక్లీ మైకు పట్టుకుని పాడుతుంటే, మాక్ వదులుకున్నది ఎంతటి లోకమో ఇట్టే అర్థమవుతుంది.