ఊట తెలిసిన చెయ్యి

కిలో టమాటా కొంటే అందులో దాదాపు 940 గ్రాములు నీళ్ళే. మిగిలిన 60 గ్రాముల్లోనే తొక్క, గింజ, గుజ్జు, పులుపు, ఎరుపు అన్నీ సర్దుకుని ఉంటాయి. మామిడికాయ గట్టిది, ఉసిరికాయ గట్టిది, నిమ్మకాయకు తొక్కన్నా దన్నుగా ఉంది. టమాటాకు ఏ దన్నూ లేదు. కోసి వదిలేస్తే పూట గడిచేసరికి నీరు కారుతుంది, మర్నాటికి పులిసిన వాసన వేస్తుంది. అలాంటి పండుతో ఏడాది నిలిచే పచ్చడి పెట్టాలంటే ముందు ఆ నీటితో బేరం కుదుర్చుకోవాలి. ఎంత తియ్యాలో, తీసినదాన్ని ఏం చెయ్యాలో తెలియాలి. కారం, ఇంగువ, తాలింపు తర్వాతి మాట.

ఈ పని నేను దగ్గరుండి చూసింది హైదరాబాద్ కొండాపూర్‌లో, తొమ్మిదో అంతస్తు బాల్కనీలో. చేసినావిడది తెనాలి దగ్గర పల్లె. కూతురూ అల్లుడూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మనవడి కోసమని వచ్చి ఏడాదిలో సగం ఇక్కడే ఉంటారు. మా అంతస్తులో వాళ్ళందరికీ ఆవిడ పిన్నిగారు. ఈ చుట్టుపక్కల ఏ అపార్టుమెంటులోనైనా అలాంటి పిన్నిగారు ఒకరుంటారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. రెండు నెలలు దాటగానే, 1999 జనవరి 26న, రైతుబజార్లు మొదలయ్యాయి. మొదటిది గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల పిల్లల్ని ఇటు లాక్కొచ్చింది. వాళ్ళ వెనకే వచ్చిన అమ్మలకు రెండోది దారి చూపించింది. పిన్నిగారు టమాటాల కోసం వెళ్ళేది కూకట్‌పల్లి రైతుబజారుకే. యాప్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తాయి కదా అంటే, "చేత్తో చూడకుండా పచ్చడికి టమాటా కొంటారా?" అన్నారు.

చేత్తో ఆవిడ చూసేది పండు బిగువు. పూర్తిగా ఎర్రబడాలి, నొక్కితే మాత్రం లొంగకూడదు. మెత్తబడినది ఒక్కటి పడినా దాని నీరు మొత్తానికీ అంటుతుందని భయం. నాటు టమాటాకు పులుపెక్కువ, కండ తక్కువ. హైబ్రిడ్‌కు కండ ఎక్కువ, పులుపు పేరుకే. ఆవిడ రెండూ కలిపి తీసుకుంటారు, నాటువి రెండు పాళ్ళు, హైబ్రిడ్‌వి ఒక పాలు. ఫిబ్రవరి మార్చిల్లో చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు నుంచి సరుకు పోటెత్తి ధర పడిపోతుంది. కొన్నేళ్ళు రైతులు కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తారు. అదే టమాటా 2023 జూలై ఆఖరున మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్ళింది. ఆ నెలలో జాడీలో పచ్చడి ఉన్న ఇల్లు నిశ్చింతగా ఉంది.

ఐదు కిలోలకు ఆవిడ లెక్క ఇది: కళ్ళుప్పు 400 గ్రాములు, గింజా పీచూ తీసిన చింతపండు 350, కారం 400, మెంతులు 50, వెల్లుల్లి పావు కిలో, పసుపు రెండు చెంచాలు. కాయలు కడిగి, గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాను కింద పరిచి ఆరబెడతారు. ముచ్చిక దగ్గరి గట్టి భాగం తీసేసి ఒక్కో కాయా ఎనిమిది ముక్కలు. ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసి వాసెన కడతారు. రోజుకోసారి తిరగెయ్యడం, మూడో రోజున పిండడం. ముక్కల కన్నా ఎక్కువ ఎత్తున నిలుస్తుంది ఊట.

ఈ ఊటను పారబొయ్యరు. మాగాయ పెట్టినవాళ్ళకు తెలుసు, ముక్క ఎండలో ఉన్నంతసేపూ ఊట కూడా పక్కనే ఎండలో కాగాలి. టమాటా పచ్చడి మాగాయ దగ్గర చదువుకుని వచ్చిందే. టమాటా మనకు కొత్త కాయ. దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రాలు దాటి, ఇక్కడి వంటింట్లో కుదురుకుని ఎన్నో తరాలు కాలేదు. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో తద్దినం వంటకు దాన్ని రానివ్వరు. అయినా మన ఆడవాళ్ళు దాని కోసం కొత్త పద్ధతి వెతుక్కోలేదు. మామిడికాయకు వాడిన ఉప్పు, ఎండ, ఊట అనే పాత విద్యనే దీనికీ వర్తింపజేశారు. మామిడి ముక్క ఒకటి రెండు ఎండలకు లొంగుతుంది, టమాటా ఇంకా అడుగుతుంది. తేడా అంతే.

చింతపండు ఊటలోనే నానుతుంది. వేణ్నీళ్ళలో నానబెట్టి పిసకడం ఆవిడ దృష్టిలో నేరం. తీసిన నీటిని మరో దారిన తెచ్చి పోసినట్టవుతుందని. చింతపండు రుచి కోసమే అనుకుంటాం గాని దాని ఉద్యోగం వేరే ఉంది. ఆహారం నిలవలో ప్రాణాంతక క్రిములు పెరగకుండా ఉండాలంటే ఆమ్లత పీహెచ్ 4.6 కన్నా కింద ఉండాలి. టమాటా పీహెచ్ సుమారు 4.3 నుంచి 4.9 దాకా ఉంటుంది, అంటే గీతకు అటూ ఇటూ ఊగుతుంది. చింతపండులోని పులుపు దాన్ని గీతకు ఇవతలికి లాగి కూర్చోబెడుతుంది. పిన్నిగారికి పీహెచ్ అక్కర్లేదు. నాలుక మీద వేసుకుని "ఇంకాస్త పులుపు పట్టాలి" అంటారు.

అన్నిటికన్నా నేను ఎక్కువసేపు నిలబడి చూసింది ఎండబెట్టడం. తెనాలిలో డాబా ఉంది, ఇక్కడ లేదు. ఉందిగాని, టెర్రస్ మీద వడియాలూ పచ్చళ్ళూ పెట్టరాదని అసోసియేషన్ వాళ్ళు లిఫ్టులో కాగితం అంటించారు. బాల్కనీ పడమటి వైపుది. ఎదురు టవరు నీడ తప్పుకునేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అప్పట్నుంచి ఆరింటిదాకా దొరికిన ఎండే ఎండ. పావురాలు రాకుండా కట్టిన వల పళ్ళేలకు కూడా కాపలా కాస్తుంది. ఆ వలకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచదు. అసలు శత్రువు దుమ్ము. నానక్‌రామ్‌గూడ నుంచి ఇటు ఎటు చూసినా ఏదో ఒక క్రేను తిరుగుతూనే ఉంటుంది. అందుకని పళ్ళేల మీద పాత మల్లు పంచె పరిచి, అంచులకు బట్టల క్లిప్పులు పెడతారు. పలచటి గుడ్డ కాబట్టి వేడి లోపలికి దిగుతుంది, తేమ పైకి పోతుంది. స్టీలు పళ్ళేలు వాడరు. ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తింటాయి. కూతురు కేకుల కోసం కొన్న గాజు పాత్రలన్నీ ఆ వారం టమాటాలవే.

ఒక్క విషయంలో మాత్రం హైదరాబాద్ తెనాలిని మించింది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి ఇది. మార్చి ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ తరచూ 30 శాతం చుట్టూ ఆడుతుంది. తీరం దాపున ఉన్న ఊళ్ళలో అది చాలా ఎక్కువ. అక్కడ మూడెండలు తీసుకునే ముక్క ఇక్కడ సగం ఎండతోనే దారికొస్తుందని పిన్నిగారే ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగా. సాయంత్రం ముక్కల్ని మళ్ళీ ఊటలో వేస్తారు. పొద్దున పిండి మళ్ళీ పరుస్తారు. ఇలా చేస్తే ఉప్పూ పులుపూ ముక్క లోపలిదాకా దిగుతాయి. ఊటేమో గాజు పాత్రలో ఎండకు రోజురోజుకూ చిక్కబడి, రంగు ముదిరి, చివరికి గరిటెకు అంటుకుంటుంది.

"ఎన్నెండలు పెట్టాలి పిన్నిగారూ?"

"నన్నడుగుతావేంటమ్మా, ముక్కనడుగు."

ముక్కనడగడమంటే వేళ్ళ మధ్య మడవడం. మడిస్తే వంగాలి, తడి తగలకూడదు, విరగకూడదు. విరిగిందంటే ఒరుగు అయిపోయింది, ఇక అది ఊటను సరిగా పీల్చదు, పచ్చడిలో తోలుముక్కలా తగులుతుంది. తడి తగిలిందంటే వానాకాలం నాటికి జాడీలో బూజు. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధి మార్చి ఎండలో ఒక్క పూట కూడా ఉండదు. ఆవిడ సాయంత్రం అయిదింటికి ఒకసారి, అయిదున్నరకు ఒకసారి వచ్చి, పళ్ళెంలో ఓ మూల నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి తీసి మడిచి చూశారు. మూలవి తీసేసి మధ్యవి ఉంచారు. కూతురు తూకాలన్నీ ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించుకుంది. ఎండ అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.

మెంతుల దగ్గర ఇంకో పరీక్ష. నూనె లేకుండా సన్న సెగ మీద ఎర్రగా వేగాలి. తక్కువ వేగితే పచ్చివాసనా జిగురూ, ఎక్కువ వేగితే చేదు. చల్లారాకే పొడి కొట్టాలి. ఆవపిండి వెయ్యరు, వేస్తే టమాటా వెళ్ళిపోయి ఆవకాయ వచ్చి కూర్చుంటుందని ఆవిడ అభ్యంతరం. కారం ఊరినుంచి తెచ్చుకున్నది, గుంటూరు మిరపకాయలు తొడిమలు తీసి పట్టించింది. ముక్కలూ నానిన చింతపండూ మిక్సీలో వేస్తారుగాని మిక్సీని పరుగెత్తనివ్వరు. తిప్పి ఆపి, తిప్పి ఆపి, కచ్చాపచ్చాగా ఉండగానే తీసేస్తారు. ఇది రోటికి దగ్గరగా రావడానికి చేసే ప్రయత్నం. అంత దగ్గరగా రాదు, కానీ తొమ్మిదో అంతస్తులో రోట్లో దంచితే కింది ఫ్లాటు వాళ్ళు ఊరుకోరు. కారం, మెంతిపొడి, సగం వెల్లుల్లి దంచి కలిపి, మిగిలిన ఊట పోసి కలియబెడితే ముద్ద సిద్ధం.

చాలామంది ఇక్కడ ఆత్రపడి నూనె మొత్తం కాచి, తాలింపు పెట్టి కలిపేస్తారు. పిన్నిగారు పెట్టరు. ముద్దనే జాడీకెత్తి, పైన వేలెడు మందాన నువ్వులనూనె పోసి గాలి తగలకుండా మూస్తారు. వారానికి సరిపడా ముద్ద మాత్రం బయటికి తీసి అప్పుడు తాలింపు వేస్తారు. నువ్వులనూనె కాగాక ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, ఇంగువ, చివర కరివేపాకు. నూనె కొంచెం చల్లారనిచ్చి ముద్ద మీద పోస్తే ఎర్రగా తేలుతుంది. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ నీళ్ళకు లొంగదు, నూనెలోనే కరుగుతుంది. ఏడాది పొడవునా ప్రతి వారం ఆ పచ్చడి కొత్తదే. అమెరికా వెళ్ళే పెట్టెలోకి కూడా ముద్దే పంపుతారు. దారిలో నూనె కారి బట్టలు పాడవ్వవు, తాలింపు డాలస్‌లో వేసుకుంటారు.

వడ్డనలో కూడా పద్ధతి ఉంది. అన్నం పొగలు కక్కుతుండాలి. ముందు పచ్చడి, దాని మీద నెయ్యి. కారాన్ని మంటగా తగిలించే పదార్థం కూడా కొవ్వులోనే కరుగుతుంది. మంచినీళ్ళు తాగితే మంట తగ్గదు, నెయ్యి వేస్తే తగ్గుతుంది. పక్కన ముద్దపప్పు ఉంటే రెండో వాయి. ఆఖరున పెరుగన్నంలో నంజుకోవడానికి ఓ గోటంత. జాడీలో తడి గరిటె పెట్టినవాళ్ళను ఆవిడ పేరుపెట్టి పిలవరు, ఒక చూపు చూస్తారు. అల్లుడు సోమవారం నాడు చిన్న గాజుసీసాలో ఆఫీసుకు పట్టుకెళ్తాడు. క్యాంటీన్ చపాతీకి అది లేకపోతే తనకు ముద్ద దిగదంటాడు. అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళలో ఉండే పిల్లలకైతే ఇంటినుంచి వచ్చిన సీసా నెలాఖరు కూర.

ఇక పొయ్యిమీద మగ్గబెట్టే పద్ధతి. ముక్కలు, చింతపండు నూనెలో వేసి, నూనె పైకి తేలేదాకా వేయించి, కారం కలిపితే గంటలో అయిపోతుంది. తెలంగాణ ఇళ్ళల్లో పల్లినూనెతో చేసే టమాట తొక్కు చాలావరకు ఇలాంటిదే, జొన్నరొట్టెలోకి దానికి సాటి లేదు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ అది వేరే వస్తువు. మంట మీద టమాటా తియ్యబడుతుంది, ఉడికిన వాసన వస్తుంది, పులుపు అంచు మొద్దుబారుతుంది. ఎండలో నీరు నెమ్మదిగా పోతుంది కాబట్టి పచ్చి టమాటా చురుకు పోకుండా ముక్కలోనే చిక్కబడుతుంది. రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టుకుని తింటే తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది. నా ఓటు ఎండకే. షాపులో కొన్న సీసాల్లో చాలావాటిలో ఈ చురుకు నాకు దొరకలేదు. వెనిగర్ పులుపు ముందు తగులుతుంది, టమాటా వెనక ఎక్కడో ఉంటుంది.

చేసి చూద్దామనుకునేవాళ్ళకు పిన్నిగారి సలహాయే నాదీ. ఐదు కిలోలతో మొదలుపెట్టకండి, రెండు చాలు. ఫిబ్రవరి రెండోవారం దాటాక, మబ్బు లేదని చూసుకుని మొదలుపెట్టండి. శనివారం పొద్దున ముక్కలు కొయ్యకండి. బుధవారం సాయంత్రం కోసి ఉప్పులో వెయ్యండి. అప్పుడు శనివారం ఊట పిండేరోజు అవుతుంది, రెండు సెలవురోజుల ఎండ మీ చేతిలో ఉంటుంది. సోమవారం ఇంటినుంచి పనిచేసే వీలుంటే ముందే అడిగి పెట్టుకోండి, మూడో ఎండ అవసరం పడవచ్చు.