మజిలీ దగ్గర ఆగిన వాక్యం: తెలుగు యాత్రాసాహిత్యంలో బస

ప్రవేశిక

తెలుగు యాత్రాసాహిత్యంపై వెలువడుతున్న పరిశోధనలలో ఒక అలవాటు స్థిరపడింది. యాత్రాగ్రంథం చేతికి రాగానే దానిలోని దేవాలయాలు, పంటలు, కులాలు, నాణేలు, భాషాభేదాలు వేరువేరు అధ్యాయాలుగా విడిపోతాయి. గ్రంథం సమాచార భాండాగారమవుతుంది. పరిశోధకుడు అందులోంచి కావలసిన దినుసులు కొలిచి తీసుకుంటాడు. ఈ పంపకంలో ఎవరి వాటాకూ రానిది ఒకటి ఉంది. అది యాత్రికుడు రాత్రి తలదాచుకున్న చోటు. సత్రమో చావడో లాడ్జి గదో, ఆ పూట దిగిన తావు, దాని ఖర్చు, దాని ఇరుకు, అక్కడ వండిపెట్టిన మనిషి – వీటిని సాధారణంగా ‘ప్రయాణ సౌకర్యాలు’ అనే చిన్న శీర్షిక కింద రెండు పుటలలో ముగిస్తారు.

బస కేవలం సౌకర్యం కాదు, యాత్రారచనకు అది నిర్మాణ సూత్రం అన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన. యాత్రికుడు నడుస్తున్నప్పుడు రాయడు, ఆగినప్పుడు రాస్తాడు. అతడు ఎక్కడ ఆగగలిగాడు, ఎవరి ఆదరణతో ఆగాడు, ఎంత చెల్లించి ఆగాడు అన్నవే అతడు ఏమి చూడగలిగాడో చాలావరకు నిర్ణయిస్తాయి.

కాశీయాత్ర చరిత్ర – మజిలీ అనే ప్రమాణం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగి. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాస్తూ వచ్చిన వృత్తాంతమే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరణ దానిని ఆధునిక పాఠకులకు అందుబాటులోకి తెచ్చింది. ఈ సంగతులు తెలుగు విద్యార్థులందరికీ పరిచితాలే. గ్రంథం ఏ కొలమానంతో నడుస్తుందన్నది మాత్రం తక్కువగా చర్చకు వచ్చింది.

దాని కొలమానం మజిలీ. అరబ్బీ ‘మంజిల్’ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి ‘మజిలీ’ అయింది. ఒక పూట ప్రయాణం, ఆ ప్రయాణం ముగిసే చోటు – రెండింటికీ అదే మాట. వీరాస్వామయ్య ఊరిని వర్ణించే పద్ధతి గమనించదగినది. ముందు దూరం, దారి స్వభావం; తరువాత ఊళ్ళో దిగడానికి చోటున్నదా, నీళ్ళు ఎటువంటివి, ముసాఫరులకు కావలసిన సరుకులు అంగళ్ళలో దొరుకుతాయా అన్నవి వస్తాయి. ఊరి దేవుడు, ఊరి కథ చాలాచోట్ల ఆ తరువాతే. కాశీకి పోతున్న శ్రోత్రియుని గ్రంథంలో దేవుడి కన్న ముందు దిగే చోటు రావడం చిన్న విషయం కాదు. తన వెనుక రాబోయే యాత్రికుణ్ణి ఎదుట నిలుపుకొని రాస్తున్న మనిషి చూపు అది. భక్తిని అది తగ్గించలేదు. భక్తునికి కావలసిన దిండూ నీళ్ళూ సమకూర్చింది.

కడప మండలంలో ఆయన దారి కడప మీదుగా అహోబిలం, మహానంది, శ్రీశైలాల వైపు సాగింది. పెన్న గండి కొట్టుకొని పారే గండికోట, దాని దిగువనున్న మైలవరం, జమ్మలమడుగు ప్రాంతం ఆ దారికి పడమటగా ఉండిపోయాయి. క్షేత్రాలను కలిపే బాటకు మజిలీలు ఉంటాయి. అధికారం పోయిన కోటకు ఉండవలసిన అవసరం లేదు. 1652లో వజ్రాల వర్తకుడు తావెర్నియే మీర్‌జుమ్లాను కలుసుకోవడానికి గండికోటకు వచ్చిన కాలంలో, అది అధికారి ఉన్న చోటు కాబట్టి బాటసారులను రప్పించుకొంది. 180 ఏళ్ళు గడవకముందే కాశీ బాటసారి దాని పక్కగా దాటిపోయాడు. ఈ వదిలివేతను చరిత్రకారుడు వాణిజ్యమార్గాల మార్పు అంటాడు. సాహిత్య విమర్శకుడు మరొకటి కూడా గమనించాలి. మజిలీ లేనిచోట వర్ణన లేదు. ఆనాటి గండికోటను వీరాస్వామయ్య వాక్యంలో చూడాలనుకునేవారికి నిరాశే మిగులుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, దానిని దాటవేయడం విమర్శకు తగదు. వీరాస్వామయ్య ఒంటరిగా వెళ్ళలేదు. కుటుంబం, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, డేరాలు, సామాను – ఇంచుమించు ఒక చిన్న ఊరే ఆయనతో నడిచింది. బోయీల ప్రస్తావనలు గ్రంథంలో ఉన్నాయి. దారి వారికి అనుకూలమో కాదో ఆయన పట్టించుకున్నాడు. అయితే మజిలీ మంచిదని నిర్ణయించే చూపు పల్లకీలోంచి దిగిన మనిషిది. పల్లకీని కిందికి దింపిన మనిషి ఆ రాత్రి ఎక్కడ ఒరిగాడన్నది ఆ నిర్ణయంలో ప్రధానాంశం కాలేదు.

తంబో: మరొక జాబితా, మరొక చూపు

ఈ పరిమితి స్పష్టం కావడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి తోడ్పడుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఇంకా సామ్రాజ్యపు రహదారుల వెంట ‘తంబో’లనే విశ్రాంతి గృహాలు ఉండేవి. బాటసారులకు బస, పక్కనే ధాన్యపు కొట్లు. చుట్టుపట్ల జనం వంతులవారీ చాకిరీతో వాటిని నడిపేవారు. స్పానిష్ ఆక్రమణ తరువాత కూడా ఆ చాకిరీ తప్పలేదు. 1543లో గవర్నరు వాకా దె కాస్త్రో తంబోల నిర్వహణకు నిబంధనలే జారీ చేశాడు. వామంగా ప్రాంతానికి, అంటే నేటి ఆయకూచో నగర పరిసరాలకు చెందిన స్థానికుడు గ్వామన్ పోమా 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజును ఉద్దేశించి ఒక బృహద్గ్రంథం రాశాడు. దాని చివరి భాగంలో తంబోల జాబితా ఉంది: ఏది పట్టణం, ఏది పెద్ద తంబో, ఏది చిన్నది అన్న వర్గీకరణతో సహా.

పైకి ఇది వీరాస్వామయ్య మజిలీల వరుసను పోలి ఉంటుంది. కాని జాబితా రాసిన చెయ్యి వేరు. తంబోలలో దిగిన స్పానిష్ బాటసారులు స్థానికులచేత కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం, కొట్టడం గ్వామన్ పోమా ఫిర్యాదులలో ముఖ్యమైనవి. ఒక గ్రంథంలో బస, దిగే యాత్రికుని వైపునుండి కనిపిస్తే, మరొక గ్రంథంలో సేవ చేయవలసివచ్చిన జనం వైపునుండి కనిపిస్తుంది. తెలుగు యాత్రాసాహిత్యానికి ఈ రెండవ చూపు దాదాపు లేదు. దాని కోసం వేరే ప్రక్రియలను వెతకాలి.

పూటకూళ్ళ ఇల్లు

ఆ వెతుకులాటలో మొదట తగిలేది క్రీడాభిరామం. కర్తృత్వం వినుకొండ వల్లభరాయనిదా శ్రీనాథునిదా అన్న వివాదం ఇక్కడ అవసరం లేదు. ఓరుగల్లు వీధులలో తిరిగే గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టిల కథలో పూటకూటింటి భోజనాన్ని చెప్పే పద్యం ప్రసిద్ధం. గోధుమపిండివంట, పంచదార, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు వరుసగా వచ్చాక పద్యం చివర ధర వస్తుంది: ఇదంతా ఒక రూకకు. ప్రబంధాలలో భోజన వర్ణనలకు కొదవ లేదు. ధర చెప్పిన భోజనం మాత్రం అరుదు. చెల్లించి తినే మనిషిని, అంటే ఎవరి అతిథీ కాని మనిషిని, తెలుగు పద్యం గుర్తించిన ఘట్టం అది. ఆతిథ్యం ధర్మంగా ఉన్న సాహిత్యంలో ఆతిథ్యం సరుకుగా ప్రవేశించింది. పద్యంలో ఎక్కడా సిగ్గు లేదు, ఫిర్యాదు లేదు. రూకకు ఇన్ని వచ్చాయన్న తృప్తి ఉంది.

కన్యాశుల్కంలో గురజాడ ఈ వ్యవహారాన్ని రెండో వైపునుండి చూపించాడు. నాటకం తొలి స్వగతంలోనే గిరీశం బాకీ బయటపడుతుంది. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర 20 రూపాయలు తీసుకొని వేరే చోట ఖర్చు పెట్టాడు. ఆమె చీపురుతో మధురవాణి ఇంటికి వచ్చే ఘట్టాన్ని హాస్యంగా మాత్రమే చదివే అలవాటు రంగస్థలానికీ ఉంది, తరగతి గదికీ ఉంది. ఆమె వితంతువు, వంటచేసి బతుకుతున్నది, పెట్టుబడి మునిగింది. బస ఇచ్చేవారి కోపం తెలుగు సాహిత్యంలో ఇంత బలంగా వినిపించిన సందర్భాలు ఎక్కువ లేవు. గిరీశం మీద వచ్చిన విమర్శ గ్రంథాల బరువుతో పోలిస్తే పూటకూళ్ళమ్మ మీద వచ్చినది కొన్ని పేరాలకు మించదు.

ఇక మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథలు. ఇక్కడ మజిలీ కథకు చట్రమే అయింది. కాశీకి పోతున్న మణిసిద్ధునికి తోడు కావాలి. తోడు వచ్చే గోపకుమారుడు ప్రతి మజిలీలోనూ ఒక కథ చెప్పాలని షరతు పెడతాడు. ఊరు చేరాక ఆ పిల్లవాడు బయటికి వెళ్ళి ఏదో వింత చూసి వస్తాడు. దాని వెనుక కథ ఏమిటని అడుగుతాడు. గురువు బసలోనే ఉండి మణిమహిమతో చెబుతాడు. గురువుకు జ్ఞానముంది, కాని ఊరిని కళ్ళారా చూసినది సామాను మోసే పిల్లవాడే. అతడు ప్రశ్న తేకపోతే కథ లేదు. తన సేవకు కూలిగా కథను అడిగిన ఈ గోపకుమారుడు, వీరాస్వామయ్య బోయీలకు దొరకని మాటను కల్పనలో దక్కించుకున్నాడని చెప్పవచ్చు. ఈ కథలను పిల్లల పుస్తకాల బీరువాకు పంపివేసిన విమర్శ ఆ ఒప్పందాన్ని తిరిగి పరిశీలించవలసి ఉంది.

గది తలుపు

సత్రం దాత ధర్మంతో నడిచింది. ధర్మానికి హద్దులున్నాయి, ఏ పంక్తిలో ఎవరు కూర్చోవాలన్నది దాత నిర్ణయం, ఆచారం నిర్ణయం. ధర చెల్లిస్తే తెరుచుకునే గది ఈ హద్దును చెరిపిందా? ఈ ప్రశ్నకు భారతీయ రచనలో అత్యంత కఠినమైన సమాధానం అంబేడ్కర్ ఆత్మకథాత్మక రచన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఉంది. విదేశాలలో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన ఆయనకు హిందూ హోటళ్ళలో చోటు దొరకదని తెలుసు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగవలసి వచ్చింది. కొద్ది రోజులకే కర్రలు పట్టుకొని వచ్చిన పార్సీల గుంపు ఆయనను ఖాళీ చేయించింది. డబ్బుంది, డిగ్రీలున్నాయి, ఉద్యోగముంది. రిజిస్టరులో రాయడానికి సొంత పేరు పనికిరాలేదు. బసను ‘ప్రయాణ సౌకర్యం’గా వర్గీకరించే పరిశోధన పద్ధతికి ఈ రచనను పెట్టడానికి గడి దొరకదు.

తెలుగు మాట కూడా ఈ మార్పును తనదైన రీతిలో నమోదు చేసింది. ఆంగ్లంలో ‘హోటల్’ ప్రధానంగా బస. చిన్న ఊళ్ళ తెలుగులో ‘హోటలు’ అంటే టిఫిను, భోజనం. పడకకు ‘లాడ్జి’ అనే వేరే మాట వచ్చింది. పూటకూటి ఇంటి వారసత్వం హోటలుకు, చావడి వారసత్వం లాడ్జికి పంచుకుపోయాయి. నిఘంటువులు ఈ అర్థభేదాన్ని తగినంతగా పట్టించుకోలేదు. ఊర్ల పేర్లను పరిశోధన వస్తువు చేసిన కేతు విశ్వనాథరెడ్డి పుట్టిన జిల్లాలోనే బాటపక్క మాటలను కూడా సేకరించే పని మొదలు కావచ్చు.

గండికోట అంచున

వీరాస్వామయ్య దాటిపోయిన చోటికి ఇప్పుడు బాట తిరిగింది. మైలవరం జలాశయం, గండికోట లోయ చూడడానికి వచ్చేవారికి పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత హోటలు ఉంది. లోయకు దగ్గరలో గుడారాలు అద్దెకు దొరుకుతాయి. తక్కువ ఖర్చులో పోవాలనుకునేవారు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు లాడ్జీలలో దిగుతారు. గండికోటపై వస్తున్న యాత్రావ్యాసాలు మాత్రం ఎక్కువగా సూర్యోదయంతో, లోయ అంచుతో మొదలవుతాయి. రచయిత నేరుగా ఆకాశంలోంచి రాతిమీద దిగినట్టు ఉంటుంది. రాత్రి ఎక్కడ గడిచింది, గుడారం ఎవరు వేశారు, రాతినేల మీదికి తాగునీరు ఎలా వచ్చింది, వండినవారిది ఏ ఊరు అన్న ప్రశ్నలు అందులో లేవు. వాక్యాలు అందంగానే ఉంటాయి; పదేళ్ళ తరువాత ఆ వాక్యాలతో గండికోటకు వెళ్ళే మనిషికి దారి దొరకదు. వీరాస్వామయ్య గద్యం వ్యాకరణశుద్ధి లేనిదని తప్పుపట్టినవారు ఈ తేడాను గమనించలేదు.

ఈ లోటును పూరించగల ఆధారం ఒకటి ప్రతి లాడ్జి బల్లమీదా ఉంటుంది. రాకపోకల రిజిస్టరులో పేరు, ఎక్కడనుండి రాక, ఎక్కడికి పోక, ఏ పని, ఎందరు అనే గడులుంటాయి. పేర్లు కప్పి, తక్కిన గడులను మాత్రమే అనుమతితో పరిశీలిస్తే ఒక ఊరికి ఏ కాలంలో ఎవరు ఏ పనిమీద వచ్చి ఆగారో తెలుస్తుంది: బంగారం వర్తకులు, పరీక్షలకు వచ్చిన పిల్లల తండ్రులు, మైలవరం సౌరవిద్యుత్ పార్కు పనులకు వచ్చిన సాంకేతిక సిబ్బంది, లోయ చూడవచ్చినవారు. గ్రామకరణాలను అడిగి రాయించిన మెకంజీ కైఫియత్తులు సాహిత్య పరిశోధనకు ఆకరమైనప్పుడు ఈ రిజిస్టరు కాకపోవడానికి కారణం లేదు. ఇబ్బంది అల్లా కాలం. నిండిన రిజిస్టర్లు కొన్నేళ్ళు మూలన ఉండి, తరువాత పాత కాగితాల లెక్కలో తూకానికి వెళ్ళిపోతాయి.