రోక్‌ఫోర్: గాలి మీద బతికే ఊరు

దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ ప్రాంతంలో, కొంబలూ అనే సున్నపురాతి కొండను ఆనుకుని రోక్‌ఫోర్ సుర్ సూల్‌జోన్ అనే పల్లె ఉంది. జనాభా వెయ్యి కూడా ఉండదు. వీధుల్లో తిరిగితే చూడదగ్గది తక్కువే. ఊరి బతుకంతా కొండ కింది గుహల్లో ఉంది. నీలి బూజు చారలుండే గొర్రెపాల చీజ్ అక్కడ మాగుతుంది. ఊరి పేరే దాని పేరు, రోక్‌ఫోర్. ఈ గుహల్లో చీజ్ మాగబెట్టే హక్కును 1411లో రాజు ఆరవ షార్ల్ ఈ ఊరివాళ్లకే ఇచ్చాడు. 1925లో ఏకంగా చట్టమే ఆ పేరుకు రక్షణ కల్పించింది. ఒక ఊరికి ఇంత గుత్తహక్కు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. చీజ్ తయారయ్యే తీరు చూస్తే ఆ హక్కుకు ఆధారమేమిటో తెలుస్తుంది.

పూర్వం కొండ అంచు విరిగి కూలడంతో రాళ్ల మధ్య లోతైన చీలికలు ఏర్పడ్డాయి. వాటిని అక్కడివాళ్లు ఫ్లూరిన్లు అంటారు. వాటి గుండా వచ్చే తేమగాలి గుహలను ఏడాది పొడవునా చల్లగా ఉంచుతుంది. లకోన్ జాతి గొర్రెల పాలను కాచకుండానే విరిచి, బూజు కలిపి, గడ్డను అచ్చుల్లో పోస్తారు. బరువు పెట్టి నొక్కరు. నీరు దానంతటదే కారిపోతుంది. తర్వాత ఉప్పు రుద్ది, చీజ్ దిమ్మను సూదులతో పొడుస్తారు. కిటుకంతా ఈ పొడవడంలోనే ఉంది. ఆ బూజుకు గాలి కావాలి. రంధ్రాలు లేకపోతే లోపలంతా తెల్లగానే ఉండిపోతుంది, నీలి చారలు పాకవు. కనీసం 14 రోజులు గుహలో పైచుట్టు లేకుండా ఉంచి, బూజు చాలినంత పాకాక లోహపు రేకు చుట్టి దాని జోరు తగ్గిస్తారు. మొత్తం 90 రోజులు నిండనిదే అమ్మకానికి పంపకూడదు.

ఇప్పుడు బూజును ప్రయోగశాలలోనే పెంచుతున్నారు, చల్లదనం యంత్రాలతోనూ వస్తుంది, ఇంకా ఆ గుహలెందుకు అన్న వాదన ఉంది. బూజు మాట నిజమే. కానీ దాని మూలం ఆ గుహల్లో దొరికిన రకమే అయి ఉండాలని నియమం. అలాగని ఆ పేరుకు గుహ ఒక్కటే చాలదు. దగ్గర్లోనే అలాంటి గుహల్లోనే మాగే ఆవుపాల చీజ్ కూడా ఉంది. దాన్ని బ్లూ దే కోస్ అని వేరే పేరుతోనే అమ్ముతారు. పాలు మారితే పేరూ మారాల్సిందే. లాభం పెద్ద కంపెనీలకే పోతోందన్న ఆక్షేపణను మాత్రం కొట్టిపారేయలేం. అయినా పాలు నిర్ణీత ప్రాంతం నుంచే రావాలి, మేతలో ఎక్కువ భాగం అక్కడే పండాలి. కాబట్టి ఎంత పెద్ద కంపెనీ అయినా చవకపాల కోసం మరో దేశానికి పోవడానికి వీల్లేదు. పంట సరిగా పండని ఆ రాతినేలల్లో గొర్రెల కాపరులకు అదే అండ.

ఇలా ఊరిపేరుకు రక్షణనిచ్చే భౌగోళిక గుర్తింపు చట్టం మన దేశంలోనూ 1999లో వచ్చింది, 2017లో బంగినపల్లి మామిడికి ఆ గుర్తింపు దక్కింది. అయితే ధ్రువపత్రం చేతికి వస్తే సరిపోదు. పని పద్ధతిని అంచెలంచెలుగా రాసిపెట్టుకుని, దాన్ని తప్పనివారికే పేరు వాడుకునే హక్కు ఇవ్వాలి. రోక్‌ఫోర్‌ను చూసి మనం నేర్చుకోవలసింది ఆ కట్టుబాటునే.