పెళ్లవుతుందని తెలిసీ చదివే నవల

ప్రేమ నవలకు సమీక్ష రాయడం కష్టం. డిటెక్టివ్ నవలైతే హంతకుడెవరో చెప్పకుండా దాచి, సమీక్షకుడు నాలుగు పేరాలు నెట్టుకురావచ్చు. ప్రేమ నవలలో దాచడానికి ఏముంది? అట్ట మీది బొమ్మ చూస్తేనే ఎవరు ఎవరికో తెలిసిపోతుంది. మొదటి పది పేజీల్లో వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అయినా తెలుగునాట రెండు మూడు తరాల ఆడవాళ్లు ఈ నవలల్ని వదలకుండా చదివారు. చదివి ఊరుకోకుండా వాదించుకున్నారు. హాస్టల్ గదుల్లో, ఆఫీసు భోజనాల వేళ, పెరటి గోడకు అటొకరు ఇటొకరు నిలబడి చేసుకున్న ఆ వాదనలకు ఒక పద్ధతి ఉంది. దాన్ని విమర్శ అని ఒప్పుకోవడానికి మన సాహిత్య సభలకు మాత్రం చాలాకాలం మనసు రాలేదు.

తెలుగులో ఈ మాట ఎత్తితే యద్దనపూడి సులోచనారాణి దగ్గరే మొదలుపెట్టాలి. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన ఈమె రాసిన ‘సెక్రటరీ’ 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. జయంతి మధ్యతరగతి పిల్ల, ఉద్యోగం చేస్తేగాని రోజు గడవదు. రాజశేఖరం డబ్బున్నవాడు, అందగాడు, ఆడవాళ్ల విషయంలో మాత్రం పేరు అంత మంచిది కాదని లోకం మాట. ఇద్దరూ ఒకటవుతారని తొలి విడత చదివిన వాళ్లందరికీ తెలుసు. మరి అన్ని నెలలు ఎదురుచూసింది దేనికోసం?

ఇంకా ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలుసుకోవడం కోసం. జయంతికి అడ్డొచ్చేది రాజశేఖరం గుణం ఒక్కటే కాదు. ఆయన మంచివాడైనా, కాకపోయినా, ఆమె ఊ అన్న మరుక్షణం లోకం ఒక్కలాగే అనుకుంటుంది: డబ్బు చూసి పడిపోయిందని. జీతం తీసుకుంటున్న మనిషి దగ్గర ప్రేమ కూడా తీసుకోవచ్చా అన్న ప్రశ్న ఆ పిల్ల ఆత్మాభిమానానికి ముల్లులా తగులుతుంది. అప్పుడప్పుడే ఇల్లు దాటి టైపు మిషన్ల ముందు కూర్చుంటున్న ఆడపిల్లలకు ఈ ప్రశ్న కొత్తది, సొంతది. ఆరడుగుల ఎత్తు, పడవలాంటి కారు అని ఈ నవలల్ని వెక్కిరించిన వాళ్లు కారును చూశారు గాని, కారెక్కమంటే వద్దని నడిచి వెళ్లిన అమ్మాయిని చూడలేదు.

పాఠకులు నోటిమాటగా చేసిన ఈ విశ్లేషణకు తర్వాత పండితులు చట్రం కట్టారు. అమెరికన్ విమర్శకురాలు పమేలా రెజిస్ 2003లో తెచ్చిన ‘ఎ నేచురల్ హిస్టరీ ఆఫ్ ది రొమాన్స్ నావెల్’లో ప్రేమ నవలకు ఎనిమిది అంగాలు చెప్పారు. కథ జరిగే సమాజం, ఇద్దరి పరిచయం, ఆకర్షణ, అడ్డంకి, ప్రేమను పైకి చెప్పుకోవడం, ఇక ఇది జరిగే పని కాదు అనిపించే చావుదెబ్బ లాంటి ఘట్టం, అడ్డు తొలగించే ఎరుక, చివరికి పెళ్లి మాట కుదరడం. 1740 నాటి ‘పమేలా’ నుంచి మన కాలపు పాకెట్ పుస్తకాల దాకా అన్నీ ఇందులో ఇముడుతాయని ఆవిడ వాదన. వరస మారవచ్చు, ఒక్కో అంగం ఒక్క వాక్యంలోనే తేలిపోవచ్చు.

ఈ ఎనిమిదింటిలో ప్రాణం అడ్డంకిది. అడ్డంకి బలంగా ఉంటే నవల నిలబడుతుంది. రెండు మాటలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద మూడు వందల పేజీలు నడిపితే చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. సులోచనారాణి ‘మీనా’లో అడ్డంకి మనిషి రూపంలోనే ఉంది: తల్లి. ఆవిడ డబ్బు, దర్పం, ఇంట్లో ఆవిడ మాటే వేదం కావడం. ఆ తల్లి దూరం పెట్టిన చుట్టాల పల్లెటూరికి మీనా వెళ్లడంతోనే కథ కదులుతుంది. ప్రేమించడం కన్నా ముందు ఆ పిల్ల నేర్చుకోవాల్సింది తల్లికి ఎదురు చెప్పడం. అందుకే ఆ నవలకు అంత ఆయుష్షు. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ విడుదలైనప్పుడు ‘మీనా’ చదివిన వాళ్లు హాల్లోనే పోలిక పట్టేశారు. నలభై ఏళ్ల కింద చదివిన నవల ఎముకల గూడుతో సహా గుర్తుందంటే అది కాలక్షేపం చదువు కాదు.

ముగింపు విషయంలో మాత్రం తెలుగు పాఠకులది వేరే దారి. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం రెండు షరతులు పెట్టింది. కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. ఈ లెక్కన యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’ రొమాన్స్ కాదు. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అజ్ఞాత యువతి ఫోన్ చేయడం, తన ఆచూకీ కనుక్కోమని చిక్కుప్రశ్నలు వేయడం, అతను కనుక్కునేసరికి జరగరానిది జరిగిపోవడం. కన్నడంలో 1995లో ‘బెళదింగళ బాలె’ పేరుతో సినిమా కూడా అయిన ఈ కథను ప్రేమ నవల కాదంటే తెలుగు పాఠకుడు నవ్విపోతాడు. దేవదాసు కోసం ఏడ్చిన జాతి మనది. అయితే ఒక తేడా ఒప్పుకోవాలి. సుఖాంతమని హామీ ఉన్న నవలలో పాఠకురాలు నిశ్చింతగా వివరాల మీద దృష్టి పెడుతుంది. హామీ లేని నవలలో ఊపిరి బిగబట్టి పేజీలు తిప్పుతుంది. రెండూ రెండు రకాల చదువులు, రెంటికీ ఒకే కొలత పెట్టి మార్కులేయడం అన్యాయం.

జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు ఒక అమెరికన్ పట్టణంలో ప్రేమ నవలలు చదివే 42 మంది ఆడవాళ్లను అడిగి 1984లో ‘రీడింగ్ ది రొమాన్స్’ అనే పుస్తకం వేశారు. అందులో వాళ్లకు సలహాలిచ్చే పుస్తకాల దుకాణం ఉద్యోగిని ఉంటుంది. ఆమె ఫలానాది బాగుంది అంటే కొంటారు, వద్దంటే మానేస్తారు. అనుమానమొస్తే చివరి పేజీలు ముందే చదివేసుకునే వాళ్లూ ఉన్నారు. పుస్తకం తెరిచి కూర్చున్న ఆ కాసేపూ తమది, మొగుడూ పిల్లలూ పిలిచినా పలకనక్కర్లేని సమయం అని వాళ్లు చెప్పిన మాటను రాడ్వే కథల కన్నా ముఖ్యమైనదిగా తీసుకున్నారు.

మన వారపత్రికల సీరియల్ పాఠకులకు చివరి పేజీ చూసే వీలు లేదు. ఆ వారానికి కథ ఎక్కడ తెగితే అక్కడ ఆగాల్సిందే. అందుకే ఆ వారమంతా మాటలు. తర్వాతి విడతలో ఏం జరగాలో పక్కింటావిడ చెబుతుంది, అలా జరిగితే ఇక చదవనని ఈవిడ బెదిరిస్తుంది, పంతం ముదిరితే సంపాదకుడికి ఒక పోస్టుకార్డు పడుతుంది. రచయిత్రి ఇంకా రాస్తూండగానే పాఠకులు తీర్పు చెప్పడం సీరియల్‌కే చెల్లిన భాగ్యం.

అసలు సమీక్షలు మరో చోట ఉండేవి. ఊరూరా అద్దె పుస్తకాల షాపులున్న రోజుల్లో నవలకు ఖాకీ కాగితం అట్ట, వీపు మీద నంబరు, లోపల షాపు రబ్బరు స్టాంపు ఉండేవి. అట్ట తిప్పగానే వచ్చే ఖాళీ పేజీలో పెన్సిల్ రాతలు. ‘సూపర్’ అని ఒకరు, దాని కింద ‘ఏం సూపర్, బోడి సూపర్’ అని ఇంకొకరు, ఆ పక్కనే ‘120వ పేజీ దాకా ఓపిక పట్టండి’ అని మూడో చేతి రాత. నాయకుడు అహంకారంగా మాట్లాడిన చోట మార్జిన్‌లో అడ్డగీత, నాయిక దీటుగా జవాబిచ్చిన చోట టిక్కు. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు ఒకే పుస్తకం మీద జరిపిన చర్చ అది. షాపువాడు కూడా తక్కువవాడు కాదు. పుస్తకం వాపసు ఇస్తున్న అమ్మాయి మొహం చూసి తర్వాతి పుస్తకం తీసిచ్చేవాడు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, పోస్టులో ఇంటికొచ్చే ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పథకం వచ్చాక కొని దాచుకోవడం పెరిగింది గాని, అప్పు తీసుకుని చదవడం ఆగలేదు. ఆడవాళ్ల పేర్లకున్న గిరాకీ చూసి మగవాళ్లు ఆడపేర్లతో నవలలు రాసిన కాలం అది.

ఈ చర్చల్లో అన్నిటికన్నా పదునైన ప్రశ్న తప్పు చేసిన నాయకుడిది. ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’ 1972లో అమెరికాలో వచ్చింది. క్యాథ్లిన్ వుడివిస్ రాసిన ఆ నవల మొదట్లోనే నాయకుడు నాయికను బలవంతం చేస్తాడు, తర్వాత అతనే భర్త అవుతాడు. చిత్రంగా అదే ఏడాది తెలుగులో ‘విచిత్ర బంధం’ వచ్చింది. సులోచనారాణి ‘విజేత’ నవలే దానికి ఆధారం. ఆ సినిమాలో కాలేజీ అవమానానికి పగ తీర్చుకోవడానికి నాయకుడు ఆ అమ్మాయికి మత్తు పెట్టి పాడుచేస్తాడు. రెండు దేశాల్లోనూ ఆనాటి జనం వీటిని నెత్తిన పెట్టుకున్నారు. ఈనాటి పాఠకురాలు అడిగేది వేరు. వాడు కాళ్లబేరానికి వచ్చాడు సరే, నిజంగా మారాడా, లేక రచయితకు పెళ్లి చేయాల్సిన అవసరం వచ్చిందా? ఆమె క్షమించిందా, క్షమించక గతిలేని మూలకు కథ ఆమెను నెట్టిందా? పాత నవలను ఇప్పుడు సమీక్షించేవాళ్లు ఈ ప్రశ్న తప్పించుకోకూడదు. కాలం అలాంటిది అని సర్దిచెబితే ఆ కాలంలోనే మార్జిన్‌లో అడ్డగీత గీసిన పాఠకురాలికి అన్యాయం చేసినట్టు.

ఇంకో లోటు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన ప్రేమ నవలల్లో డబ్బు తేడా ఉంటుంది, పల్లె పట్నం తేడా ఉంటుంది, కులం మాట చాలావాటిలో వినపడదు. నిజజీవితంలో పెళ్లికి మొట్టమొదటి అడ్డంకి ఏదో అది నవలలోకి వచ్చేసరికి మాయమవుతుంది. అడ్డంకే ప్రాణమైన రచనలో అసలు అడ్డంకిని వదిలేయడం చిన్న విషయం కాదు. పలాయనవాదం అని గంపగుత్తగా కొట్టిపారేసిన విమర్శకులు ఈ ఒక్క విషయం పట్టుకుని రాసి ఉంటే ఎంతో ఉపయోగపడేది. వాళ్లు కారు దగ్గరే ఆగిపోయారు.

ఇంగ్లిష్ ప్రేమ నవలల సంగతీ హైదరాబాద్‌కు కొత్త కాదు. 1908లో లండన్‌లో పుట్టిన మిల్స్ అండ్ బూన్ పుస్తకాలు ఇక్కడి కాలేజీ అమ్మాయిల చేతుల్లో దశాబ్దాల పాటు తిరిగాయి. రాధికా పరమేశ్వరన్ హైదరాబాద్ అమ్మాయిల మధ్య కూర్చుని ఈ చదువు మీదే పరిశోధన చేసి 1999లోను, ఆ తర్వాతా వ్యాసాలు ప్రచురించారు. ఆ అమ్మాయిలు ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పుకున్న సాకు ఇంగ్లిష్ బాగుపడుతుందని. సాకే అయినా అందులో నిజం లేకపోలేదు. తెలుగు నవల చదివే వాళ్ల అమ్మలకు ఆ పాటి సాకు కూడా దొరకలేదు. వంట మాడితే నింద నవలకే పడేది.

ఇప్పుడు రచనలు ఫోన్‌లోకి వచ్చాయి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి యాప్‌లో తెలుగు ప్రేమ సీరియల్స్ విడతలు విడతలుగా వస్తున్నాయి, పోస్టుకార్డుకు పట్టే నాలుగు రోజులు నాలుగు నిమిషాలయ్యాయి. అభిప్రాయాలు ఎక్కువ, వాదనలు తక్కువ. ‘సూపర్ మేడమ్, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు’ అన్నది సమీక్ష కాదు. ఆ అడ్డంకి నమ్మేలా ఉందా, ఆ అబ్బాయి క్షమించదగ్గవాడేనా, ఆ అమ్మాయి మూడో విడతలో చెప్పిన మాట ముప్పయ్యో విడతలో ఎందుకు మరిచిపోయింది అని రెండు వాక్యాలు రాసినా రచయితకు అది వంద నక్షత్రాల పెట్టు.

సులోచనారాణి 2018 మేలో అమెరికాలో కన్నుమూశారు. ఆమె నవలలు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నాయి. అవి వచ్చిన రోజుల్లో పాఠకులు రాసిన ఉత్తరాలు మాత్రం ఆ పాత పత్రికల పేజీల్లోనే ఉండిపోయాయి, పుస్తకంగా వచ్చినప్పుడు వాటిని చేర్చినట్టు కనపడదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికల్ని కాపాడుతున్నాయి. అమ్మమ్మలు సీరియల్ పేజీలు చింపి కుట్టించుకున్న బైండ్లు ఏ అటక మీదైనా ఉంటే, వాటి మార్జిన్లలో పెన్సిల్ రాతలుంటే, దయచేసి తూకానికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి, ఎవరు చదివారో మొదటి పేజీలో పేరు రాసి మరీ ఇవ్వండి.