ముందు కాళ్లు, తర్వాత చెవులు

చిలమకూరు చుట్టుపక్కల పదో తరగతి పరీక్షలు అయిపోయినంత మాత్రాన పిల్లలకు సెలవులొచ్చినట్టు కాదు. బ్రిడ్జి కోర్సులు కాచుకుని ఉంటాయి. వాటి నుంచి కొందరిని తప్పించి గండికోటకు తీసుకెళ్లడం నాకు అలవాటు. 'ఈ ఎండల్లో యాడికి సార్, వానలు పడినాక పోరాదా?' అంటారు తల్లిదండ్రులు. వానాకాలంలో పిల్లలు మన చేతిలో ఉండరు.

ఇలా పిల్లల్ని కోట ఎక్కించే పద్ధతి వేరేచోటా ఉంది. అమెరికాలోని కొన్ని యూదు కుటుంబాలు టీనేజీ పిల్లల్ని వేసవిలో ఇజ్రాయెల్ యాత్రకు పంపుతాయి. అక్కడ ఎడారిలో, మృత సముద్రం పక్కన మసాదా అనే కొండకోట ఉంది. తెల్లవారకముందే 'పాము దారి' అనే మెలికల బాటలో పిల్లల్ని ఎక్కిస్తారు. రోమన్ సైన్యం ముట్టడిలో చిక్కినవాళ్ల కథ పైకి చేరాక ఆ రాళ్ల మధ్యే చెబుతారు. 1963-65లో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ తవ్వించిన గోదాములు కళ్లెదుటే ఉంటాయి. కోటలోని వాళ్లు దాదాపు అందరూ ప్రాణాలు తీసుకున్నారని రాసింది మాత్రం ఆనాటి చరిత్రకారుడు జోసెఫస్ ఒక్కడే. నమ్మాలా వద్దా అన్నది పిల్లలు వాదించుకోవచ్చు. ఆయాసపడి ఎక్కినవాడికి ఆ వాదనలో హక్కు ఉంటుందని నా లెక్క.

నేనూ ఆ వరసే పట్టాను. దారిలో పాఠం చెప్పను. ఎవరి నీళ్లు వాళ్లే మోయాలి, ఎండ ముదరకముందే నీడకు చేరాలి, అంతే. ఎర్రమల కొండను పెన్న కోసిన చోట, అంచుకు ఎడంగా కూర్చోబెట్టాక నోరు విప్పుతాను. కింద కనిపించే ఎర్రరాయి ఇసుక గట్టిపడి అయింది, వయసు వంద కోట్ల ఏళ్లకు పైనే. మన సిమెంటు ఫ్యాక్టరీలో పడే సున్నపురాయి దీని ముందు చిన్నది అంటే, రోజూ ఆ దుమ్ము చూసే పిల్లలు ఒక్కసారి తలెత్తుతారు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ వజీరు మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఆ కలయిక ఎందుకో నేను చెప్పను, అడిగేదాకా ఆగుతాను. గైడ్లు ఆగరు. మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం అన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తారు, పిల్లలు సెల్ఫీలకు పోతారు.

ఒక్క చిక్కు మాత్రం తీరడం లేదు. మగపిల్లల్ని పంపే ఇళ్లు ఆడపిల్లల్ని పంపవు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ అమ్మాయి తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఇది చెబితే తలూపుతారు, పేరు మాత్రం రాయించరు. అందుకే ఈసారి ఇద్దరు టీచరమ్మలను ముందే ఒప్పించి, వాళ్లనే ఇళ్లకు పంపుతున్నాను.