నొసటి యెముక విరిగినపుడు: చిన్నగాటు చికిత్సను గూర్చి ఒక విమర్శ

నొసటి వ్రాతను తప్పించుట ఎవరి తరము కాదని మన పెద్దల మాట. కాని నొసటి దెబ్బకు చేసిన చికిత్స ముఖముమీద విడిచిపోవు మచ్చను తగ్గించుట మాత్రము నేటి శస్త్రవైద్యులకు సాధ్యమయినది. ముక్కు గుండా గాని, జుట్టు మొదలులోని చిన్న గాటు గుండా గాని ఎండోస్కోపును చొప్పించి చేయు ఈ చికిత్సకు మంచి పేరు కలదు. ఆ పేరు ఎంతవరకు న్యాయమో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కనుబొమలకు పైన నొసటి యెముకలో గాలి నిండిన కోటరములు కలవు. వైద్యులు వీనిని ఫ్రాంటల్ సైనసులందురు. వీని ముందుగోడ దళసరి, వెనుకగోడ పలుచన. వెనుకగోడకు ఆవల మెదడును కప్పు పొర యున్నది. కోటరములో ఊరు శ్లేష్మము సన్నని దారి గుండా ముక్కులోనికి దిగును. ముఖమునందలి యెముకలలో ఇది మిక్కిలి గట్టిది. కావున ముఖాస్థులు విరిగిన సందర్భములలో ఈ కోటరపు గోడలు విరుగుట నూటికి 5 మొదలు 15 వరకు మాత్రమే. వాహన ప్రమాదములే దీనికి ముఖ్య కారణము.

పూర్వపు పద్ధతులు కఠినములు. 1898లో రీడెల్ అను జర్మను వైద్యుడు, చీముపట్టిన కోటరపు ముందుగోడను తొలగించు పద్ధతిని ప్రకటించెను. దానివలన రోగి నొసలు గుంటపడెడిది. 1950వ దశకమున గుడేల్, మాంట్‌గొమరీలు ఎముకను మూతవలె తెరచి, కోటరమును కొవ్వుతో పూడ్చు విధానమును ప్రచారము చేసిరి. 1978లో డొనాల్డ్, బెర్న్‌స్టీనులు వెనుకగోడను తీసివేసి ఆ చోటును మెదడునకే విడుచు పద్ధతిని వివరించిరి. ఇట్టి చికిత్సలకు తరచుగా ఒక చెవి నుండి మఱియొక చెవి వరకు తలమీద కోయవలసి యుండును. మచ్చయు, నొసటి తిమ్మిరియు దాని ఫలితములు.

హాప్‌కిన్సు రూపొందించిన కడ్డీ కటకములు, మెస్సెర్‌క్లింగర్ శ్లేష్మ మార్గములను గూర్చి చేసిన పరిశోధన, 1991లో డ్రాఫ్ ప్రకటించిన శస్త్రక్రియా విభజన ఈ స్థితిని మార్చినవి. ఇప్పుడు మూసుకొనిన దారిని ముక్కులోనుండియే తెరువవచ్చును. ముందుగోడ అణగినచో చిన్న గాట్ల గుండా ఆ పల్లమును సరిచేయవచ్చును. కోటరమును పూడ్చుటకు బదులు దానిని బ్రతికించుటయే ఇందలి గొప్ప మార్పు.

అయినను గాటు చిన్నదగుట వేఱు, మేలు పెద్దదగుట వేఱు. ఎముక కొలదిగా మాత్రమే కదలినచో అసలు కోతయే అక్కఱలేక కనిపెట్టి యుండుట చాలును. విరుగు బాగుగా ప్రక్కకు ఉన్నచో ముక్కు గుండా పోయిన పరికరము అచ్చటికి అందదు. వెనుకగోడ ఛిన్నాభిన్నమై మెదడు పొర చినిగినచో పెద్ద గాటే శరణ్యము కావచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. దారి మూసుకొనిన కోటరములో శ్లేష్మము సంచివలె పెరిగి, యెముకను అరగించి, కంటిగ్రుడ్డును నెట్టుట దెబ్బ తగిలిన అనేక సంవత్సరములకు కూడ జరుగును. కావున ఏడాది రెండేండ్ల ఫలితములను చూచి విజయమని చాటుట తొందరపాటు.

ఈ విషయమున మదురై నగరమునందలి నేత్రవైద్యమే మనకు గీటురాయి. 1976లో డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించెను. అచ్చట శుక్లములకు చిన్నగాటు చికిత్స విరివిగా సాగినది. దాని కీర్తికి కారణము గాటు కొలత కాదు. ఖరీదైన యంత్రము లేకయే, సాధారణముగా కుట్లు అవసరము కాకయే, బీదవానికి చూపు వచ్చుట. నొసటి చికిత్సను కూడ ఇట్లే ఫలమును బట్టి తూచవలెను గాని పరికరపు క్రొత్తదనమును బట్టి కాదు.

కావున రోగి బంధువులు వైద్యుని అడుగవలసినవి మూడు: విరిగినది ఏ గోడ? శ్లేష్మపు దారి తెరచియున్నదా? ఎన్నియేండ్లు పరీక్షకు రావలెను? దెబ్బ పిమ్మట ముక్కు నుండి తేటనీరు కారినను, ఏండ్లు గడచిన పిదప నొసలు వాచినను, ఒకటి రెండుగా కనబడినను ఆలస్యము చేయరాదు. మచ్చ లేని నొసలు చూచువారికి ఇంపు. శ్లేష్మపు దారి మూసుకొనని కోటరము రోగికి రక్ష. రెండును సమకూడినపుడే చిన్నగాటు చికిత్స తన పేరునకు తగినదగును.