సంఘం షాట్

కెమెరా మనిషిని ఏ ఎత్తు నుంచి చూస్తుందన్నదాన్ని బట్టి సినిమా పాఠాల్లో హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని మూడు పేర్లుంటాయి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పక్క పల్లెల్లో 1990ల చివర వీడియో తీయడం నేర్చుకున్న దళిత మహిళా రైతులు ఆ పేర్లను పక్కనపెట్టి తమవి పెట్టుకున్నారు. ఒకరు పైన, ఒకరు కింద ఉండే కోణాలకు పటేల్ పేరు, బానిస పేరు వచ్చాయి. అరుగు మీది పటేల్‌కూ, కింద నిలబడ్డ జీతగానికీ మధ్య చూపు ఎట్లా నడుస్తుందో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో కలిస్తే అది సంఘం షాట్. ఊరి మహిళా సంఘంలో అందరూ సమానమే కాబట్టి ఆ పేరు.

నారాయణఖేడ్‌లో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి సమాచార రూపకల్పన అనే రంగంలో అధ్యాపకురాలు కావాలనుకుంటే, ఆమె చదువు ఇక్కడి నుంచే మొదలుకావాలని నా నమ్మకం. సమాచారాన్ని వాడే మనిషి వైపు నుంచి రూపొందించడం ఈ రంగం పని. మందు డబ్బా మీది రాత, బ్యాంకు ఫారం, బస్టాండు బోర్డు, ఫోన్‌లోని యాప్ అన్నీ దీని కిందికే వస్తాయి. డొనాల్డ్ నార్మన్, స్టీఫెన్ డ్రేపర్ కలిసి సంపాదకత్వం వహించిన పుస్తకం 1986లో వచ్చాక ‘వాడుకరి కేంద్రంగా’ అన్న మాట విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. 1999లో దానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా ఏర్పడింది. పద్ధతి చెప్పడానికి తేలికే: వాడేవాళ్లను వాళ్లున్న చోటే గమనించాలి, నమూనా తయారుచేయాలి, వాళ్ల చేతికిచ్చి చూడాలి, తప్పిన చోట దిద్ది మళ్లీ ఇవ్వాలి. కష్టమంతా చేయడంలోనే ఉంది.

పత్తికి కొట్టే పురుగుమందు డబ్బానే తీసుకోండి. 1971 నాటి క్రిమిసంహారక నియమాల ప్రకారం దాని మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కింది సగంలోని రంగే విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాతిది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. రంగు వాడటం మంచి ఆలోచనే, చదువు రానివాళ్లకూ చేరుతుంది. కానీ రైతుకు ఆకుపచ్చంటే పైరు, పచ్చదనం, క్షేమం. అది ‘విషమే, కొంచెం తక్కువ’ అని చెబుతోందని ఎవరూ చెప్పకుండా ఎట్లా తెలుస్తుంది? పసుపు రంగు సంగతి మరీ కష్టం. పసుపు మన ఇంట్లో గడపకు రాసేది, పుండుకు అద్దేది.

ఇక మోతాదు. డబ్బాతో వచ్చే కరపత్రంలో లెక్క హెక్టారుకు ఉంటుంది. రైతు లెక్క ఎకరానికి, చేతి లెక్క పంపుకు. హెక్టారుకు 250 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీళ్లు అని రాసి ఉందనుకుందాం. 15 లీటర్ల పంపుకు 7.5 మిల్లీలీటర్లు పడాలి. పొద్దున్నే చెలక గట్టున నిలబడి, ఏ కొలతా లేని మూత చేతిలో పట్టుకొని ఈ భాగహారం చేయమని అడుగుతోంది ఆ కాగితం. లెక్క తప్పితే రైతును తెలివితక్కువవాణ్ణి చేస్తాం. తప్పు కాగితానిది.

ఆ తప్పును కనిపెట్టడానికి ఈ రంగంలో మంచి పద్ధతి ఉంది. ‘అర్థమైందా?’ అని అడగకూడదు. ఆ ప్రశ్న అడిగిన సారుకు మన పల్లెల్లో ఎవరైనా ‘అయింది సారూ’ అనే చెబుతారు. అది మర్యాద, జవాబు కాదు. బదులుగా ఖాళీ డబ్బాలో రంగునీళ్లు పోసి, పంపు పక్కన పెట్టి, ‘అవ్వా, ఈ పంపుల ఎంత పోస్తవో పోసి చూపియ్యవా’ అనాలి. చేయి ఎక్కడ ఆగింది, కన్ను దేన్ని వెతికింది, పక్కవాళ్లను ఏం అడిగింది, ఇవన్నీ రాసుకోవాలి. ఒక విడతకు ఐదారుగురు చాలు. పెద్ద పొరపాట్లు వాళ్లతోనే బయటపడతాయి. దిద్దిన కాగితంతో ఇంకో ఐదారుగురి దగ్గరికి వెళ్లాలి. ఒకే విడతలో వందమందిని అడిగి శాతాలు తీయడం కంటే ఇది ఎక్కువ నేర్పుతుంది.

వాడేవాళ్లను అడిగి చూడటం ఒక మెట్టు. వాడేవాళ్లే తయారుచేయడం దాని పైమెట్టు. జహీరాబాద్ పల్లెలు ఎక్కింది ఆ మెట్టే. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ మిత్రులతో కలిసి 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టారు. దాని సంఘాల మహిళలు తమకంటూ ఒక రేడియో కావాలన్నారు. తమ మాట, తమ జొన్నలు, తమ వైద్యం పట్నం రేడియోలో వినబడవన్నది వాళ్ల ఫిర్యాదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పినా ప్రసారానికి అనుమతి దొరకలేదు. వాళ్లు ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు ఊరూరికీ పంపి, సంఘం సమావేశాల్లో వినిపించారు. విన్నవాళ్ల మాటలు అక్కడికక్కడే తెలిసేవి. వాడుకరి పరీక్ష అని పుస్తకాలు చెప్పేది ఇదే. కేంద్రం 2006లో స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచాక, 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఆ 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్. నడిపేది జనరల్ నర్సమ్మ వంటి స్థానిక మహిళలే.

అకడమిక్ జీవితానికి ఈ నేల ఎంత ఇవ్వగలదో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వినోద్ పావరాల పని చూస్తే తెలుస్తుంది. 2000 జులైలో జరిగిన యునెస్కో సమావేశం సముదాయ రేడియో కోసం జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ పేరిట ఒక ప్రకటన చేసింది. సముదాయ రేడియో ఉద్యమాన్ని అధ్యయనం చేస్తూ ఆయన కాంచన్ మలిక్‌తో కలిసి 2007లో ‘అదర్ వాయిసెస్’ రాశారు. 2011లో ఆ విశ్వవిద్యాలయంలో సముదాయ మాధ్యమాలపై యునెస్కో పీఠం ఏర్పడింది.

మన అమ్మాయికి దారులు ఇప్పుడు మరీ దూరం కాదు. కందిలోని ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది, అదీ సంగారెడ్డి జిల్లాలోనే. ఇంటర్ తర్వాత యూసీడ్, డిగ్రీ తర్వాత సీడ్ పరీక్ష రాసి ఈ చదువులోకి రావచ్చు, ఆపైన పీహెచ్‌డీ. ఆమె దగ్గర పట్నం పిల్లలకు లేని సామగ్రి ఉంది. నారాయణఖేడ్ బజారులో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. తండాల నుంచి వచ్చినవాళ్లు లంబాడీ మాట్లాడతారు, దానికి సొంత లిపి లేదు. తెలుగులో అచ్చువేసిన హెచ్చరిక ఆ తండా తల్లికి చేరాలంటే ఏం చేయాలి? ఆమె గొంతుతోనే రికార్డు చేసి ఫోన్లో వినిపించాలా, మూత మీదే పంపు గీత గీయాలా, రెండూనా? ఎవరి బల్ల మీదా దీనికి తయారుగా జవాబు లేదు. తండాకు వెళ్లి, ఆమెతో కలిసి తయారుచేసి, ఆమెకే ఇచ్చి చూడాలి. ఆ పని మీద రాసిన పరిశోధన పత్రం అచ్చయినప్పుడు, ఆ తల్లి ఒప్పుకుంటే, రచయితల వరుసలో ఆమె పేరు కూడా ఉండాలి. వరంగల్ పత్తి రైతుల మీద 2003లో వచ్చిన సినిమాను తీసింది డక్కన్ సొసైటీ మహిళలే.